తుపాకీ లైసెన్సు: కారణం నుంచి కార్ట్రిడ్జ్ దాకా

తుపాకీల మీద మోజున్నవాళ్ళు ముందుగా అడిగేది "ఏ మోడల్ మంచిది?" అని. మన దేశంలో అది ఆఖరున అడగాల్సిన ప్రశ్న. "నీకెందుకు?" అనే ప్రశ్నతో ఇక్కడ కథ మొదలవుతుంది. ఆయుధాల చట్టం 1959, దాని కింద వచ్చిన ఆయుధాల నిబంధనలు 2016, రెండూ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి. ఏ తరహా ఆయుధం ఇస్తారు, ఎన్ని తూటాలు కొనుక్కోనిస్తారు, ఎంత దూరం తీసుకెళ్ళనిస్తారు అన్నవన్నీ మీరు చెప్పే కారణాన్ని బట్టే ఉంటాయి. రేపు రెన్యువల్‌కి వెళ్ళినా మళ్ళీ దాని దగ్గరికే వస్తారు. తుపాకీ కలిగి ఉండటం మన రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదు, ప్రభుత్వం ఇచ్చే అనుమతి. ఇది గుర్తు పెట్టుకుని దిగితే సగం చికాకు తగ్గుతుంది.

మొదటి అడుగు: కారణాన్ని కాగితం మీద రాసుకోండి

చట్టం దృష్టిలో సామాన్యుడికి ఉండే కారణాలు నాలుగైదుకి మించవు: ప్రాణ రక్షణ, ఆస్తి రక్షణ, పంట కాపలా, షూటింగ్ క్రీడ, వారసత్వంగా వచ్చిన ఆయుధం. "ఇష్టం" అనేది ఈ జాబితాలో లేదు. ఇష్టం ఉన్నవాడికి దారి క్రీడ.

ప్రాణ రక్షణ అంటే భయంగా ఉందని రాస్తే సరిపోదు. బెదిరింపు వచ్చుంటే ఫిర్యాదు కాపీ, ఎఫ్ఐఆర్, కోర్టు కాగితాలు ఉండాలి. రోజూ నగదు చేరవేసే వ్యాపారమైతే ఆ వ్యాపారం రుజువులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేయాలి. వృత్తి వల్లో వ్యాపారం వల్లో నిజంగానే రక్షణ అవసరం ఉందా అన్నది అధికారి చూసుకోవాలని 2016 నిబంధనలే చెబుతున్నాయి. క్రీడాకారుడైతే గుర్తింపున్న షూటింగ్ క్లబ్బులో రెండేళ్ళుగా చురుకైన సభ్యుడై ఉండటాన్ని ఆ నిబంధనలు లెక్కలోకి తీసుకుంటాయి. కార్డు కొనుక్కుని ఇంట్లో కూర్చున్న సభ్యత్వానికి విలువ తక్కువ. రేంజిలో హాజరు, పోటీల స్కోరు షీట్లు పోగుచేసుకోవాలి.

పంట కాపలాకి మాత్రం చట్టంలోనే ప్రత్యేకమైన చోటుంది. నిజమైన పంట రక్షణ కోసమైతే మందు, గుండు మూతి నుంచి దట్టించే తుపాకీకి లైసెన్సు ఇస్తారు. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే మామూలు నున్న గొట్టం తుపాకీ, అంటే గొట్టం లోపల గాడులు లేనిది కూడా ఇవ్వవచ్చు. పొలం పాసుపుస్తకం, పంట నష్టం గురించి రెవెన్యూ లేదా అటవీ శాఖకు పెట్టుకున్న అర్జీల నకళ్ళు దగ్గరుంటే మీ మాటకు బలం వస్తుంది.

ఇక అర్హత సంగతి. వయసు 21 నిండాలి. హింసకో నీతిబాహ్యమైన నేరానికో శిక్ష పడినవాళ్ళకు, శిక్ష ముగిశాక ఐదేళ్ళ దాకా అర్హత లేదు. శాంతి భద్రతల కోసం బాండు రాయించుకున్నవాళ్ళకు ఆ బాండు గడువు తీరేదాకా లేదు. అయితే ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. లైసెన్సు డబ్బున్నోళ్ళకే వస్తుందని నమ్మేవాళ్ళు ఈ సెక్షన్ ఒకసారి చదవాలి.

రెండో అడుగు: అసలు లైసెన్సు అవసరమా అని చూసుకోండి

ఎవరైనా సలహా అడిగితే నేను ముందుగా చెప్పేది ఇదే. మీకు కావలసింది గురిపెట్టి కొట్టడంలో ఉన్న ఆనందమైతే ఎయిర్ రైఫిల్ చాలు. బోర్ (గొట్టం లోపలి వెడల్పు) 4.5 మిల్లీమీటర్లు, అంటే 0.177 అంగుళాలు దాటకుండా, మూతి దగ్గర శక్తి 20 జౌళ్ళు మించకుండా ఉన్న ఎయిర్ గన్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఈ రెండింటిలో ఏది దాటినా లైసెన్సు కావాలి. డీలర్ మీ గుర్తింపు పత్రం అడిగి రిజిస్టర్‌లో రాసుకుంటాడు, బిల్లు ఇస్తాడు. ఆ బిల్లు, శక్తి వివరాలు రాసిన కాగితం పారేయకండి. దారిలో ఎవరైనా ఆపితే చూపించాల్సింది వాటినే. బిల్లు లేకుండా చేతులు మారే ఎయిర్ గన్ ఎంత చవగ్గా వస్తున్నా వద్దు.

దీన్ని తక్కువ అంచనా వేయకండి. ఒలింపిక్స్ 10 మీటర్ల పోటీ ఆడేది ఈ బోర్‌తోనే. హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం కొట్టింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. 1951లో ఏర్పడిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద క్లబ్బులు ఉన్నాయి. కేంద్రం లైసెన్సు లేదా గుర్తింపు ఇచ్చిన క్లబ్బు సభ్యులు అక్కడి .22 రైఫిల్‌తో గురి సాధన చేయడానికి చట్టంలో వెసులుబాటు ఉంది. సొంత తుపాకీ లేకుండానే నిజమైన తూటా పేల్చవచ్చన్నమాట. కొన్నాళ్ళు అలా ఆడి, మోజు నిలబడితే అప్పుడు దరఖాస్తు గురించి ఆలోచించండి. చాలామందికి ఆ అవసరమే రాదు.

మూడో అడుగు: దొరికేదేదో, దొరకనిదేదో తెలుసుకోండి

తుపాకీలను మన చట్టం రెండు గుంపులు చేసింది. నిషిద్ధ బోర్‌ను వాడుకలో పీబీ అంటారు, నిషిద్ధం కానిదాన్ని ఎన్‌పీబీ అంటారు. 9 మిల్లీమీటర్ల పిస్టల్, .303 రైఫిల్ పీబీ కిందికి వస్తాయి. వాటికి అనుమతి కేంద్ర హోం శాఖ దగ్గర ఉంటుంది, మామూలు జనానికి ఆ తలుపు మూసుకున్నట్టే. మిగిలినవి .32 రివాల్వర్ లేదా పిస్టల్, .22, .315 రైఫిల్, 12 బోర్ తుపాకీ (షాట్‌గన్). సినిమాలో చూసి 9 ఎంఎం కావాలని దరఖాస్తులో రాస్తే ఫైలు అక్కడే ఆగుతుంది.

రక్షణకో క్రీడకో అడిగే 12 బోర్ లాంటి నున్న గొట్టం తుపాకీకి గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. గొట్టం కోయించి పొట్టి చేయడం మరమ్మతు కాదు, నేరం.

ఒక మనిషి దగ్గర ఎన్ని ఉండవచ్చు? 2019 దాకా మూడు. ఆ ఏడాది డిసెంబరులో అమల్లోకి వచ్చిన సవరణ దాన్ని రెండుకి తగ్గించింది. మూడోది ఉన్నవాళ్ళు ఏడాదిలోగా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలర్ దగ్గరో అప్పగించాల్సి వచ్చింది. వారసత్వంగా వచ్చినవీ ఈ రెండులోకే వస్తాయి. పేరున్న క్రీడాకారులకు వేరే లెక్క ఉంది.

నాలుగో అడుగు: దరఖాస్తు

జిల్లాల్లో లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి కమిషనరేట్లలో పోలీస్ కమిషనర్. వ్యక్తులు నింపాల్సింది ఫారం ఏ-1. దానితో పాటు ఫొటోలు, పుట్టిన తేదీ రుజువు, గుర్తింపు, చిరునామా పత్రాలు పెట్టాలి. ఇవి అందరికీ తెలిసినవే. జనం తడబడేది రెండు చోట్ల.

ఒకటి డాక్టర్ సర్టిఫికెట్. మామూలు ఫిట్‌నెస్ కాగితం చాలదు. శారీరక, మానసిక ఆరోగ్యం రెండూ బాగున్నాయని, మత్తు పదార్థాల మీద ఆధారపడి లేరని అందులో ఉండాలి. డిప్రెషన్‌కి మందులు వాడుతుంటే డాక్టర్ దగ్గర దాచకండి. దాచితే ఏమవుతుందో కింద రాశాను. ఇంట్లో ఎవరైనా మానసికంగా నలిగిపోతున్న దశలో ఉంటే, లైసెన్సు వచ్చే అవకాశం ఉన్నా సరే, ఆ దరఖాస్తు వాయిదా వేయడమే తెలివైన పని.

రెండోది శిక్షణ సర్టిఫికెట్. ఆయుధాన్ని, తూటాలను జాగ్రత్తగా వాడటం నేర్చుకున్నట్టు గుర్తింపున్న చోట కోర్సు చేసి ఫారం ఎస్-1 తెచ్చుకోవాలి. ఒక పూట కూర్చుని సంతకం పెట్టించుకునే ఫార్మాలిటీగా చూడకండి. తుపాకీ ఖాళీ చేయడం, ఖాళీగా ఉందో లేదో కంటితో, వేలితో చూసుకోవడం చేతికి అలవాటయ్యేదాకా నేర్పించుకోండి.

కారణం రాసే పేరాలో కథలు అల్లొద్దు. నాలుగు వాక్యాలు, ప్రతి వాక్యానికీ ఒక కాగితం ఉంటే చాలు. పాత కేసు ఉంటే కొట్టేసినా సరే రాయండి. విషయం దాచిపెట్టో తప్పుడు సమాచారం ఇచ్చో తెచ్చుకున్న లైసెన్సును 17వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. లైసెన్సు రద్దయితే తుపాకీ కూడా చేతిలోంచి పోతుంది.

ఐదో అడుగు: విచారణ, ఎదురుచూపు

దరఖాస్తు అందాక మీ పరిధి పోలీస్ స్టేషన్ నుంచి రిపోర్టు తెప్పించుకుంటారు. 30 రోజుల్లో రిపోర్టు, అది చేరాక 60 రోజుల్లో నిర్ణయం అని నిబంధనల్లో ఉంది. నిజంలో అంతకంటే ఎక్కువే పడుతుందని అనుకుని టెన్షన్ పడకుండా ఉండటం మంచిది. విచారణకు వచ్చిన కానిస్టేబుల్ ఇరుగుపొరుగును అడుగుతాడు, ఇంట్లో గొడవలున్నాయా, తాగుడు అలవాటుందా అని ఆరా తీస్తాడు. తుపాకీ ఎక్కడ పెడతారని అడిగితే చూపించడానికి తాళం పడే ఇనుప బీరువా ఉంటే మంచిది.

కాదంటే కారణాలు రాతలో ఉండాలి. ప్రజాహితానికి భంగమని అధికారి భావిస్తే తప్ప, మీరు అడిగితే ఆ కారణాలు క్లుప్తంగా ఇవ్వాలి. దాని మీద 18వ సెక్షన్ కింద అప్పీలుకి వెళ్ళవచ్చు. గడువు 30 రోజులే కాబట్టి ఉత్తర్వు అందిన తేదీ ఉన్న కవరు దాచుకోండి. అప్పీలులో పాత పాటే పాడకుండా, అధికారి ఎత్తి చూపిన లోటుకి జవాబు ఇవ్వండి. బ్రోకర్ల మాటకొస్తే, "పైనుంచి చేయిస్తా" అన్నవాడు తెచ్చిచ్చే వేరే రాష్ట్రం లైసెన్సు పుస్తకం దొంగదై ఉండే ప్రమాదం ఎక్కువ. ఈ రోజుల్లో ప్రతి లైసెన్సుకీ జాతీయ డేటాబేస్‌లో విశిష్ట గుర్తింపు సంఖ్య, అంటే యూఐఎన్ ఉంటుంది. అది లేని పాత పుస్తకాలు ఇప్పుడు చెల్లవు.

ఆరో అడుగు: కొనుగోలు

లైసెన్సు వచ్చాక, అందులో రాసిన గడువులోగా లైసెన్సున్న డీలర్ దగ్గర కొనాలి. .32 రివాల్వర్లు, .315 రైఫిళ్ళు ఎక్కువగా ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల తయారీవే. సామాన్యులకు విదేశీ తుపాకీల దిగుమతి దశాబ్దాలుగా లేదు. అందుకే పాత విదేశీ తుపాకీలు సెకండ్ హ్యాండ్‌లో బంగారం ధర పలుకుతాయి. నా ఉద్దేశంలో ఆ మోజు దండగ, విడిభాగాలు దొరకవు. సెకండ్ హ్యాండ్ కొంటే గొట్టం లోపల వెలుతురులో చూడండి, గుంటలు, ఉబ్బు ఉంటే వదిలేయండి. బాడీ మీది నంబరు లైసెన్సులో నంబరుతో అక్షరం తేడా లేకుండా సరిపోవాలి. వ్యక్తి నుంచి వ్యక్తికి అమ్మితే, అమ్మేవాడు 45 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేట్‌కో స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలపాలి. కొన్న తర్వాత తుపాకీని అధికారికి చూపించి వివరాలు లైసెన్సులో ఎక్కించుకోవాలి.

తూటాలు ఒక్కసారి ఎన్ని ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనవచ్చో లైసెన్సులోనే ఉంటుంది. పేల్చినవాటికి తేదీ, చోటు ఒక చిన్న నోట్‌బుక్కులో రాసుకోండి. రెన్యువల్ వేళ లెక్క అడిగితే నీళ్ళు నమలక్కర్లేదు.

ఏడో అడుగు: ఇంట్లో తుపాకీతో బతకడం

చట్టం సంగతి పక్కన పెట్టినా వదలకూడని సూత్రాలు నాలుగు. ప్రతి తుపాకీ లోడ్ అయి ఉందనే అనుకోవాలి. దాని మూతి, కొట్టదలచుకోని దేని వైపూ తిరగకూడదు. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి రాకూడదు. లక్ష్యం వెనక ఏముందో తెలియకుండా పేల్చకూడదు. నాలుగోదాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళే ఎక్కువ. చిన్నదనుకునే .22 తూటా కూడా కిలోమీటరు దాటి వెళ్ళగలదు.

తుపాకీ ఖాళీ చేసి ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో ఉంచండి. తాళంచెవి చోటు పిల్లలకు తెలియదని మీరనుకుంటారు, వాళ్ళకు తెలుస్తుంది. అందుకే తాళంచెవి ఇంట్లో ఒకచోట పెట్టడం కంటే మీ ఒంటి మీదే ఉండటం మేలు. శుభ్రం చేసేటప్పుడు ఆ గదిలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. శుభ్రం చేస్తుండగా పేలిందనే వార్తలు పేపర్లో చదువుతూనే ఉన్నాం.

రేంజిలో చెవులకు రక్షణ, కళ్ళద్దాలు తప్పనిసరి. తుపాకీ శబ్దం 140 డెసిబెల్స్ దాటుతుంది, చెవి ఒకసారి దెబ్బతింటే తిరిగి బాగుపడదు. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే మూతిని లక్ష్యం వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి.

తుపాకీ పోయినా, దొంగతనం జరిగినా వెంటనే స్టేషన్‌లో చెప్పాలి. రేపు అది ఏ నేరంలో దొరికినా మిమ్మల్ని కాపాడేది ఆ ఫిర్యాదే.

ఎనిమిదో అడుగు: గడప దాటితే

లైసెన్సు ఏ పరిధికి చెల్లుతుందో, జిల్లాకా, రాష్ట్రానికా, దేశమంతటికా చూసుకోండి. ఆయుధంతో ఉన్నప్పుడు పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలి. చేతి తుపాకీ హోల్‌స్టర్‌లోనో సంచిలోనో ఉండాలి, జనంలో ఊపకూడదు. బావమరిది ముచ్చటపడ్డాడని ఇచ్చి పేల్పించడం కుదరదు. మీ ఎదుట గానీ మీ రాతపూర్వక అనుమతితో గానీ, మరమ్మతుకో రెన్యువల్‌కో మీ వాడకానికో మోసుకెళ్ళడానికే ఇంకొకరికి వెసులుబాటు ఉంది.

పెళ్ళి బరాత్‌లో గాల్లోకి కాల్చడం గొప్ప అనుకునే రోజులు పోయాయి. 2019 సవరణ తర్వాత, ఎదుటివాళ్ళ ప్రాణానికి ముప్పు తెచ్చేలా వేడుకల్లో కాల్పులు జరిపితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన తూటా ఎక్కడో ఒకచోట దిగాలిగా.

విమానంలో అయితే తుపాకీ ఖాళీ చేసి, ముందుగా చెప్పి, చెక్-ఇన్ సామానులోనే పంపాలి. ఎయిర్‌లైన్‌కి ముందే ఫోన్ చేసి వాళ్ళ షరతులు కనుక్కోండి. ఎయిర్‌పోర్టుల్లో ఎక్కువగా దొరికిపోయేది తుపాకీతో కాదు, రేంజికి తీసుకెళ్ళిన బ్యాగులో అడుగున మరిచిపోయిన ఒకే ఒక్క తూటాతో. రేంజి బ్యాగు, ప్రయాణం బ్యాగు వేర్వేరుగా ఉంచుకోండి.

ఎన్నికలొస్తే ఆయుధాలు అప్పగించమని నోటీసు రావచ్చు. ఎవరివి తీసుకోవాలో స్క్రీనింగ్ కమిటీ చూస్తుంది. మినహాయింపు కావాలంటే క్రీడాకారులు పోటీల షెడ్యూలు జతచేసి ముందుగానే అడగాలి. అప్పగిస్తే నంబరు, తూటాల సంఖ్య, ఆయుధం స్థితి రాసిన రసీదు తీసుకోవాల్సిందే.

వేట గురించి

ఇక్కడ చాలామందికి భ్రమలున్నాయి. తుపాకీ లైసెన్సు వేట లైసెన్సు కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 వచ్చాక సరదా వేటకు మన దేశంలో చోటు లేదు. వేట అంటే ఆ చట్టంలో చంపడమొక్కటే కాదు. ఉచ్చు పెట్టడం, ఎర వేయడం, తరమడం, అందుకు ప్రయత్నించడం, పక్షి గుడ్లు పాడుచేయడం కూడా వేటే. లైసెన్సు అక్కర్లేని ఎయిర్ గన్‌తో కుర్రాళ్ళు చెట్టు మీది పక్షుల్ని కొట్టినా ఈ చట్టం కిందికే వచ్చే అవకాశం ఉంది. ఆ చట్టం ఎక్కువ రక్షణ ఇచ్చే జాబితా, అంటే మొదటి షెడ్యూలులోని జంతువును వేటాడితే మూడేళ్ళకు తగ్గని, ఏడేళ్ళ దాకా జైలు. జరిమానా కనీసం 25,000 రూపాయలు.

మరి చేను తినేసే అడవిపంది సంగతి? 2022 సవరణ తర్వాత అది రెండో షెడ్యూలులో ఉంది. మనుషులకో, నిలబడి ఉన్న పంటకో ప్రమాదమైన జంతువును చంపడానికి 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ (రాష్ట్రంలో వన్యప్రాణుల వ్యవహారాలు చూసే పెద్ద అధికారి) గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ కారణాలు రాసి అనుమతి ఇవ్వవచ్చు. కాబట్టి రైతు చేతిలో ఉండాల్సినవి రెండు వేర్వేరు కాగితాలు: ఆయుధానికి లైసెన్సు, ఆ జంతువుకి అటవీ శాఖ అనుమతి. ఒకటి చూపించి రెండోది ఉందనుకోవద్దు. పంట నష్టం జరిగిన రోజే ఫొటోలు తీసి, అటవీ రేంజ్ ఆఫీసులో అర్జీ ఇచ్చి, ఎకనాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

అభయారణ్యం దగ్గరివాళ్ళకు ఇంకో మెలిక. 10 కిలోమీటర్ల లోపు ఉండే లైసెన్సుదారులు తమ పేరు అటవీ శాఖ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ పరిధిలో కొత్త లైసెన్సుకి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి కావాలి. అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, దారి దగ్గరని అడ్డంగా పోవడం కూడా తప్పే.

నాటు తుపాకీ గురించి ఒక్క మాట. పల్లెల్లో అదేదో పనిముట్టులా చూస్తారు. లైసెన్సు లేకుండా ఉంచుకుంటే రెండు నుంచి ఐదేళ్ళ జైలు, తయారు చేసి అమ్మితే ఏడేళ్ళ నుంచి యావజ్జీవం దాకా. పైగా ఏ పరీక్షకూ నిలవని ఆ గొట్టం పేల్చినవాడి మొహం మీదే పగిలిపోవచ్చు.

తాతగారి తుపాకీ

లైసెన్సుదారు చనిపోతే బీరువాలో తుపాకీ అలాగే ఉంచేసి నెలలు గడిపేస్తారు. అది తప్పు. లైసెన్సుదారు పోయిన తర్వాత ఆ ఇంట్లో ఎవరికీ దాన్ని ఉంచుకునే అధికారం లేదు. ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. ఆ తర్వాత వారసుల్లో ఒకరు మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల నిరభ్యంతర పత్రాలతో కొత్త దరఖాస్తు పెట్టాలి. విచారణ, డాక్టర్ సర్టిఫికెట్, శిక్షణ అన్నీ మామూలే. లైసెన్సుదారు బతికుండగానే మార్చుకునే వీలూ ఉంది: ఆయనకు 70 ఏళ్ళు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్ళుగా ఉన్నా వారసుడి పేరు మీదికి అడగవచ్చు. అన్నదమ్ముల మధ్య ఆస్తి తగాదా ఉంటే ఈ దారే నయం, పెద్దాయన సంతకం ఉండగానే పని అయిపోతుంది.

రెన్యువల్

2019 సవరణతో గడువు మూడేళ్ళ నుంచి ఐదేళ్ళకు పెరిగింది. ఐదేళ్ళంటే మరిచిపోవడం కూడా తేలికే. గడువుకి మూడు నెలల ముందే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకుని దరఖాస్తు ఇవ్వండి, రసీదు లైసెన్సుతోనే ఉంచండి. చిరునామా మారితే రెన్యువల్ దాకా ఆగకుండా అప్పుడే తెలపండి. అవసరం తీరిపోయిందనిపిస్తే తుపాకీని డీలర్‌కో లైసెన్సున్న మరొకరికో పద్ధతి ప్రకారం అమ్మేసి, లైసెన్సు సరెండర్ చేసి, రద్దు చేసినట్టు ఉత్తర్వు కాపీ తెచ్చుకోండి.